సెప్ హోక్‌రైటర్: 1991 నాటి విద్యార్థి థీసిస్ నుంచి ఎక్స్‌ఎల్‌ఎస్‌టీఎమ్ వరకు

#1 కాగితపుపడవ

కృత్రిమ మేధ చరిత్ర మీద తెలుగులో నేను చదివిన వ్యాసాలన్నీ డీప్ లెర్నింగ్ పితామహులుగా పేరుపడ్డ హింటన్, లెకూన్, బెంజియో పేర్లతో మొదలై ఏదో ఒక అమెరికా కంపెనీ దగ్గర ఆగిపోయాయి. ఆ ముగ్గురి గొప్పతనం గురించి నాకు పేచీ లేదు. కానీ 2010 తర్వాతి దశకంలో మన ఫోన్లకు మాట వినడం, చేతిరాత చదవడం, ఒక భాషను ఇంకో భాషలోకి మార్చడం నేర్పిన పద్ధతి ఎల్‌ఎస్‌టీఎమ్ (లాంగ్ షార్ట్-టర్మ్ మెమరీ). దానికి మూలపురుషుడైన సెప్ హోక్‌రైటర్ జీవితం ఆ వ్యాసాల్లో ఒక్క పేరాకు కూడా నోచుకోలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు తలో చేయి వేయండి.

ఆయన 1967లో బవేరియాలోని మ్యూల్‌డోర్ఫ్‌లో పుట్టారు. మ్యూనిఖ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివి, 1991 జూన్‌లో డిప్లొమా థీసిస్ సమర్పించారు. ఆ రోజుల్లో జర్మనీలో డిప్లొమా అంటే మన పీజీతో సమానం. థీసిస్ జర్మన్‌లోనే ఉంటుంది. చూసుకున్నది యుర్గెన్ ష్మిడ్‌హూబర్. అప్పటికి ఆయన వయసూ 28 ఏళ్లే, హోక్‌రైటర్ ఆయనకు మొట్టమొదటి విద్యార్థి. విభాగానికి పెద్ద దిక్కు ప్రొఫెసర్ విల్‌ఫ్రీడ్ బ్రావర్.

అప్పట్లో రికరెంట్ న్యూరల్ నెట్‌వర్కుల మీద అందరికీ ఆశ ఉండేది. న్యూరల్ నెట్‌వర్క్ అంటే న్యూరాన్లు అనే చిన్న చిన్న లెక్కల ముక్కలను తీగల్లాంటి లింకులతో కలిపి, ఉదాహరణల నుంచి నేర్చుకునేలా చేసిన ప్రోగ్రాం. జరుగుతున్నదాన్ని ఒక్కొక్క అడుగుగా చదువుతూ, గతాన్ని గుర్తుపెట్టుకుంటూ వెళ్లే నిర్మాణం అది. కాగితం మీద అంతా బాగుండేది. నేర్పించబోతే మాత్రం పది అడుగుల వెనక జరిగినదాన్ని కూడా పట్టుకోలేకపోయేది. ఎందుకలా అవుతోందో 24 ఏళ్ల విద్యార్థి గణితంతో తేల్చేశాడు. తప్పును సరిదిద్దే సంకేతం వెనక్కి ప్రయాణించేటప్పుడు అడుగడుగునా గుణింపు పడుతుంది, కాబట్టి అది దాదాపు సున్నా అయిపోతుంది, లేకపోతే హద్దు లేకుండా పెరిగిపోతుంది. రెండూ చేటే. ఈ రంగంలో 'వానిషింగ్ గ్రేడియంట్' అని ఇప్పుడు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ చెప్పేది ఆ సున్నా అయిపోవడం గురించే.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎల్‌ఎస్‌టీఎమ్ కన్నా ఆ రోగనిర్ధారణే ఆయన చేసిన పెద్ద పని. కొత్త యంత్రం కట్టేవాళ్లు చాలామంది ఉంటారు. పాతది ఎక్కడ, ఎందుకు, ఎంత మేరకు విఫలమవుతోందో లెక్క కట్టి చూపించే ఓపిక అరుదు.

---

#2 తరంగిణి

కాగితపుపడవ గారూ, మంచి చర్చ. నేను బీటెక్ చివరి సంవత్సరం. వానిషింగ్ గ్రేడియంట్ మీద పరీక్షలో ఐదు మార్కుల జవాబు రాశాను, కానీ నిజంగా అర్థమైందని చెప్పలేను. గుణింపు పడితే సంకేతం తగ్గిపోవడమేమిటి? ఎంత తగ్గుతుంది? మాస్టారు ఎవరైనా ఉంటే కాస్త విడమరచి చెప్పండి.

---

#3 లెక్కలమాస్టారు

తరంగిణీ, నేను చెబుతానమ్మా. పక్కన కాగితం పెట్టుకుని చదువు.

ఈ వాక్యం చూడు: 'అమ్మ పొద్దున్నే లేచి, పశువులకు మేత వేసి, పాలు పితికి, తమ్ముణ్ణి బడికి పంపి, పక్క ఊరి సంతకు వెళ్లి, చీకటి పడ్డాక ఇంటికి...' తర్వాత మాట ఏమిటి? 'వచ్చింది.' మొదట్లో 'అమ్మ' బదులు 'నాన్న' ఉంటే 'వచ్చాడు' అవుతుంది. నడుమ ఉన్న మాటల్లో ఒక్కటి కూడా మారలేదు. చివరి క్రియను తేల్చింది మొట్టమొదటి మాటే. మన భాషలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది ప్రతి పొడుగు వాక్యంలోనూ ఎదురవుతుంది.

నెట్‌వర్క్ ఒక్కో మాటే చదువుకుంటూ వచ్చింది. 'ఇంటికి' చదివాక 'వచ్చాడు' అని తప్పుగా ఊహించింది అనుకుందాం. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే సంకేతం అక్కడినుంచి 'అమ్మ' దాకా వెనక్కి నడవాలి. లెక్కపెట్టు, 17 అడుగులు. ప్రతి అడుగులోనూ ఆ సంకేతాన్ని రెండింటితో గుణించాలి: ఆ తీగ బరువు (ఆ లింకు ఎంత బలమైనదో చెప్పే అంకె) ఒకటి, న్యూరాన్ వక్రరేఖ వాలు మరొకటి. అప్పట్లో అందరూ వాడిన సిగ్మాయిడ్ వక్రరేఖ వాలు ఎంత ఎక్కువైనా 0.25 దాటదు. బరువు 1 అనుకుంటే, పది అడుగులకే సంకేతం పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. పదిహేడో అడుగుకు చేరేసరికి సుమారు 1,700 కోట్లలో ఒక వంతు మిగులుతుంది. అది కూడా వాలు ప్రతిచోటా గరిష్ఠంగా ఉంటేనే. అంటే 'అమ్మ' అన్న మాట దగ్గర దిద్దుబాటు ఏమీ జరగదు.

బరువు పెంచితే సరిపోదా అని నువ్వు అడుగుతావు. గుణింపు విలువ 1 దాటిందంటే అదే 17 అడుగుల్లో సంకేతం విపరీతంగా ఉబ్బిపోతుంది, నేర్చుకున్నదంతా చెదిరిపోతుంది. సరిగ్గా 1 దగ్గర నిలబడితేనే మేలు. అది మామూలు నిర్మాణంలో దానంతట అది నిలబడదు. హోక్‌రైటర్ థీసిస్‌లోని సారం ఇదే.

---

#4 తరంగిణి

మాస్టారూ, ధన్యవాదాలు. ఐదు మార్కుల జవాబులో నేను రాసినదానికీ దీనికీ పొంతనే లేదు. మరి దాన్ని 1 దగ్గర ఎలా నిలబెట్టారు?

---

#5 కాగితపుపడవ

అదే ఎల్‌ఎస్‌టీఎమ్. కణం లోపల తనలోకి తానే తిరిగే ఒక వలయం పెట్టారు. దాని బరువు కచ్చితంగా 1, అక్కడ వంకర లేదు, వాలు కూడా 1. కాబట్టి ఎన్ని అడుగులు వెనక్కి వెళ్లినా ఆ వలయంలో సంకేతం అరగదు, ఉబ్బదు. అయితే అంత గట్టి జ్ఞాపకంలోకి దారినపోయేదంతా వచ్చి పడితే ప్రమాదం. అందుకని ఏది లోపలికి రావాలో, ఏది ఎప్పుడు బయటికి వెళ్లాలో నిర్ణయించే రెండు గేట్లు అమర్చారు. ఆ గేట్లను ఎప్పుడు తెరవాలో కూడా నెట్‌వర్కే నేర్చుకుంటుంది.

హోక్‌రైటర్, ష్మిడ్‌హూబర్ కలిసి 1995లో దీన్ని మ్యూనిఖ్ సాంకేతిక నివేదికగా రాశారు, 1996లో నిప్స్ అనే అంతర్జాతీయ న్యూరల్ నెట్‌వర్క్ సదస్సు పేపర్‌గా తెచ్చారు. 1997లో 'న్యూరల్ కంప్యుటేషన్' పత్రికలో పూర్తి పేపర్ వచ్చింది. 1,000 అడుగుల ఎడం ఉన్నా నేర్చుకోగలదని అందులో చూపించారు. పది అడుగులకు చతికిలబడుతున్న కాలంలో వెయ్యి!

---

#6 లెక్కలమాస్టారు

మా వైపు పిల్లలకు దీన్ని చెరువుతో చెబుతాను. నీళ్లు లోపలికి వచ్చే కాలువకు ఒక తలుపు, పొలాలకు వదిలే తూముకు ఒక తలుపు. 1997 నాటి ఎల్‌ఎస్‌టీఎమ్‌కు ఈ రెండే ఉన్నాయి. అలుగు లేదు. ఒక్కొక్క వాక్యాన్ని విడిగా ఇచ్చి, ప్రతిసారీ చెరువును ఖాళీ చేసి మొదలుపెడితే ఇబ్బంది రాదు. అంతం లేకుండా ప్రవాహం వస్తూనే ఉంటే కణంలోని విలువ పెరుగుతూ పోయి, ఇక దేనికీ స్పందించని స్థితి వస్తుంది. ఫెలిక్స్ గెర్స్, ష్మిడ్‌హూబర్, ఫ్రెడ్ కమిన్స్ కలిసి 2000లో అచ్చయిన పేపర్‌లో మూడో గేటు చేర్చారు. అక్కర తీరినదాన్ని వదిలేసే 'ఫర్గెట్ గేట్' అది. ఇప్పుడు మీరంతా ఎల్‌ఎస్‌టీఎమ్ అని వాడుతున్నది ఆ మూడు గేట్లదే. ఇందులో హోక్‌రైటర్ పేరు లేదు. ఆ సంగతి కూడా చెప్పుకోవడం న్యాయం.

---

#7 పాతపుస్తకం

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి అక్షరాల్లోకి మార్చే పని చేసే వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎల్‌ఎస్‌టీఎమ్ మాకు ఏం చేసిందో చెప్పాలి.

టెసెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత రకాలు అక్షరాన్ని అక్షరం నుంచి విడగొట్టి, ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టాలని చూసేవి. ఇంగ్లిష్‌కు అది నడిచింది. 'శాస్త్రం' అనే మాట తీసుకోండి. 'స' కింద త వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, పక్కన సున్న. ఎక్కడ కోస్తారు? నిలువుగా కోస్తే వత్తులు పక్క అక్షరం కిందకు పోతాయి, అడ్డంగా కోస్తే తలకట్టు ఊడిపోతుంది. ఇక సిరా అలుకుకుపోయిన పాత అచ్చులో అయితే రెండు వరుసల వత్తులూ గుడులూ కలిసిపోయి ఉంటాయి. మేం దిద్దుకునేదానికన్నా మొదటినుంచి టైపు చేసుకోవడమే సుఖంగా ఉండేది.

2018లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఎల్‌ఎస్‌టీఎమ్ పెట్టారు. ఇప్పుడు అక్షరాలను కోయడమే లేదు. పంక్తి మొత్తాన్ని సన్నని నిలువు చీలికలుగా చదువుకుంటూ పోయి, ముందూ వెనకా చూసుకుని అక్షరాల వరుసను తేలుస్తుంది. మూడు చీలికల ముందు చూసిన వత్తు తోకను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టే అది కుదిరింది. తప్పులు ఇప్పటికీ ఉన్నాయి, 'ఘ'కూ 'ఫు'కూ పాత అచ్చులో తేడా తెలియక బోల్తా పడుతుంది. అయినా పని జరుగుతోంది, పేజీలు కదులుతున్నాయి.

కోయకుండా చదవడం అనే ఆలోచనకు బలం ఇచ్చింది సీటీసీ అనే శిక్షణ పద్ధతి. 2006లో అలెక్స్ గ్రేవ్స్, ష్మిడ్‌హూబర్ బృందం స్విట్జర్లాండ్‌లోని లుగానోలో తయారుచేశారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ అరబిక్ చేతిరాత గుర్తించే వ్యవస్థ కట్టారు. అంతర్జాతీయ పోటీలో గెలిచినదానికి 87.2 శాతం వస్తే వీళ్లదానికి 91.4 శాతం వచ్చింది. తమ ఇద్దరికీ అరబిక్‌లో ఒక్క మాట కూడా రాదని పేపర్ సారాంశంలోనే రాసుకున్నారు. తెలుగు రానివాళ్లు కట్టిన యంత్రం తెలుగు ఎలా చదువుతోందని ఎవరైనా అడిగితే నేను ఆ పేపరే చూపిస్తాను.

---

#8 మ్యూనిఖ్‌వాసి

నేను మ్యూనిఖ్‌లో పరిశోధన చేస్తున్నాను. ఇక్కడ కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ ఒక మాట అంటారు: ఆ థీసిస్ ఇంగ్లిష్‌లో రాసి ఉంటే చరిత్రే వేరుగా ఉండేదని. నేను పూర్తిగా ఒప్పుకోను.

జర్మన్‌లో రాయడం వల్ల కొంత నష్టం జరిగిన మాట నిజం. మూడేళ్ల తర్వాత, 1994లో, బెంజియో, సిమార్, ఫ్రాస్కోని స్వతంత్రంగా అదే ఇబ్బందిని విశ్లేషించి ఇంగ్లిష్‌లో ప్రచురించారు. చాలాకాలం ప్రపంచమంతా వాళ్ల పేపర్‌నే ఉదహరించింది. కానీ 1997 నాటి ఎల్‌ఎస్‌టీఎమ్ పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంది కదా. దాన్ని మాత్రం ఎవరు పట్టించుకున్నారు? ఆ దశాబ్దంలో న్యూరల్ నెట్‌వర్కులకే ఆదరణ తగ్గింది, సపోర్ట్ వెక్టర్ మెషీన్లు అనే పోటీ పద్ధతి హవా నడిచింది. కంప్యూటర్లు నెమ్మది, శిక్షణకు కావలసిన సమాచారం లేదు. పదిహేనేళ్ల పాటు ఆ పేపర్‌ను మరుగున పడేసింది ఆ పరిస్థితులు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2001లో హోక్‌రైటర్, బెంజియో, ఫ్రాస్కోని, ష్మిడ్‌హూబర్ నలుగురూ కలిసి ఈ విషయం మీద ఒక అధ్యాయం రాశారు. విడివిడిగా ఒకే చోటికి చేరినవాళ్లు ఒకే కాగితం మీద సంతకం పెట్టారన్నమాట. ఆ నలుగురి పేర్లు అలా పక్కపక్కన చూస్తే నాకు చాలా సంతోషం కలుగుతుంది.

సొంత భాషలో ఆలోచించి, సొంత భాషలో రాసి, 24 ఏళ్లకే అంత లోతుకు వెళ్లగలిగారంటే ఆ చదువు పద్ధతిలో ఏదో బలం ఉన్నట్టే. దాన్ని లోపంగా చూడటం నాకు నచ్చదు.

---

#9 నిలకడ

మంచి సమాచారం. కానీ ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలనిపిస్తోంది. 'మావాడే ముందు కనిపెట్టాడు' అనే దారిలో ఈ చర్చ పోకూడదు.

2018 సంవత్సరానికి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం బెంజియో, హింటన్, లెకూన్‌లకు వచ్చాక ష్మిడ్‌హూబర్ చాలా వివరంగా అభ్యంతరాలు రాశారు. ఎవరు ఏది ఎప్పుడు చేశారో తేదీలతో సహా పేర్చారు. అందులో సరైన పాయింట్లు ఉన్నాయి. అయితే ఒక ఆలోచన మొదట ఎవరికి తట్టింది అన్నది ఒక ప్రశ్న, దాన్ని నలుగురు వాడేలా చేసింది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. రెండింటికీ వేర్వేరు జవాబులు ఉండవచ్చు. పైగా బెంజియో బృందం తమంతట తామే ఆ ఫలితానికి చేరారు. వాళ్లకు మర్యాద తగ్గించి ఇంకొకరికి పెంచడం సరికాదు.

---

#10 కాగితపుపడవ

> వాళ్లకు మర్యాద తగ్గించి ఇంకొకరికి పెంచడం సరికాదు

నిలకడ గారూ, ఈ మాటతో ఏకీభవిస్తాను. బెంజియో గౌరవం ఒక్క పిసరు తగ్గాలని నేను కోరడం లేదు. నా బాధ వేరు. 1991 నాటి థీసిస్‌ను పేరు పెట్టి ప్రస్తావించడానికి ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తి రాయని పాఠాలు మన కళాశాలల్లో నేటికీ చెబుతున్నారు. ఎవరు ముందు అన్న పోటీ కోసం కాదు, విద్యార్థి దశలో ఇంత పని చేయవచ్చని మన పిల్లలకు తెలియాలి కదా. తరంగిణి లాంటి వాళ్లు చివరి సంవత్సరం ప్రాజెక్టును ఒక తంతుగా ముగించేస్తున్నారు. అదే దశలో ఒకరు రంగం దిశనే మార్చే పని చేశారు.

ఇంకొకటి: ఈ వివాదంలో ఎక్కువగా వినిపించే గొంతు ష్మిడ్‌హూబర్‌ది. హోక్‌రైటర్ ఆ సమయాన్ని తర్వాతి పేపర్లకు పెట్టారని నాకు అనిపిస్తుంది. 2021లో ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం వారి న్యూరల్ నెట్‌వర్క్స్ పయనీర్ పురస్కారం ఆయనకు దక్కింది. ఆలస్యమైనా దక్కింది.

---

#11 జన్యుదారం

మీరంతా 1997 నుంచి నేరుగా ఇటీవలి కాలానికి దూకేస్తున్నారు. నడుమ దాదాపు ఇరవై ఏళ్లు ఆయన ఏం చేశారో ఎవరూ అడగలేదు. ఆ భాగం మా రంగానిది, జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్లతో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్‌ది. నేను హైదరాబాద్‌లో ఈ పనే చేస్తాను కాబట్టి కాస్త ఎక్కువగా రాస్తే ఏమీ అనుకోకండి.

1999లో మ్యూనిఖ్‌లో డాక్టరేట్, తర్వాత కొలరాడో విశ్వవిద్యాలయంలో కొంతకాలం. అక్కడ ఉన్నప్పుడు 2001లో ఎల్‌ఎస్‌టీఎమ్‌ను వాడి 'నేర్చుకోవడం ఎలాగో నేర్చుకునే' నెట్‌వర్క్ మీద పేపర్ రాశారు, ఈనాటి మెటా లెర్నింగ్‌కు అది తొలి మెట్లలో ఒకటి. ఆ తర్వాత బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో క్లాస్ ఓబర్‌మాయర్ బృందం. 2006లో ఆస్ట్రియాలోని లింట్స్‌కు, యోహానెస్ కెప్లర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థకు అధిపతిగా! న్యూరల్ నెట్‌వర్కులకు ఆదరణ లేని కాలంలో ఆ గణితాన్ని జీవశాస్త్రంలోకి పట్టుకొచ్చారు.

ఆ కాలంలో జన్యువుల పనితీరును మైక్రోఅరే అనే గాజు పలకలతో కొలిచేవాళ్లం. ఒక్కో జన్యువుకు పదికి పైగా చిన్న చిన్న ప్రోబ్‌లు ఉంటాయి. అన్నీ ఒకే జన్యువును కొలవాలి, కానీ ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ఒకటి తక్కువ, ఒకటి అసలు పనిచేయదు. నిజం ఎంత, రొద ఎంత? హోక్‌రైటర్, క్లెవర్ట్, ఓబర్‌మాయర్ 2006లో ఫార్మ్స్ అనే పద్ధతి ఇచ్చారు. ఈ ప్రోబ్‌లన్నిటి వెనక దాగిన ఒకే ఒక్క కారకం ఉందనుకుని, అన్నీ కలిసి కదిలినప్పుడే దాన్ని నమ్ముతుంది. కలిసి కదలకపోతే 'ఈ జన్యువు గురించి ఈ కొలతలు ఏమీ చెప్పడం లేదు' అని పక్కన పెట్టేస్తుంది. ఆ రెండో సగమే మాకు ఎంతో విలువైనది. రొదను ఫలితంగా పొరబడి నెలల తరబడి ప్రయోగశాలలో తిరగకుండా కాపాడింది.

2007లో ప్రోటీన్ల బంధుత్వం కనుక్కోవడానికి ఎల్‌ఎస్‌టీఎమ్‌నే వాడారు. ప్రోటీన్ కూడా ఒక పొడుగు వరుసే, అమైనో ఆమ్లాలే దాని అక్షరాలు. రెండు ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి పోల్చకుండానే ఏ కుటుంబానిదో చెప్పగలిగింది. ఈ రోజు ప్రోటీన్ భాషా నమూనాల గురించి ఇంత సందడి ఉంది కదా, 2007లో ఈ పేపర్ చదివినవాళ్లం దానికి ఆశ్చర్యపోలేదు.

ఇక టాక్స్21 పోటీ. సుమారు 12,000 రసాయనాలు, 12 రకాల విషప్రభావ పరీక్షలు. ఏ రసాయనం ఏ పరీక్షలో హాని చూపిస్తుందో ప్రయోగం చేయకముందే చెప్పాలి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలు నిర్వహించిన ఆ పోటీలో లింట్స్ బృందపు డీప్‌టాక్స్ గెలిచింది. మాయర్, క్లాంబావర్, ఉంటర్‌టైనర్, హోక్‌రైటర్ ఆ పని చేశారు. 12 పరీక్షలకూ ఒకే నెట్‌వర్క్‌ను కలిపి నేర్పడం వల్ల ఒకదానిలో తక్కువ సమాచారం ఉన్నా మిగతావి ఆదుకున్నాయి. నన్ను కదిలించింది మాత్రం ఇది: నెట్‌వర్క్ లోపలి పొరల్లో ఏం నేర్చుకుందో విప్పి చూస్తే, విషపూరితమైనవని రసాయన శాస్త్రవేత్తలు ముందే గుర్తించిన అణుభాగాలు అక్కడ కనిపించాయి. ఎవరూ చెప్పకుండానే తానే కనుక్కుంది.

ఈ కాలాన్ని వనవాసంలా చెప్పేవాళ్లున్నారు. మా దృష్టిలో అది వనవాసం కాదు.

---

#12 కాగితపుపడవ

జన్యుదారం గారూ, ఇది నేను ఆశించినదానికన్నా ఎక్కువ. చాలా ధన్యవాదాలు. మీ పోస్టుకు కొనసాగింపుగా రెండు మాటలు: డీప్ లెర్నింగ్ తిరిగి ఊపందుకున్నాక లింట్స్ బృందం నుంచి ఈఎల్‌యూ 2015లో, ఎస్‌ఈఎల్‌యూ 2017లో వచ్చాయి. రెండూ న్యూరాన్ల వక్రరేఖలే, అంటే మళ్లీ సంకేతం అరగకుండా చూసే ప్రయత్నమే. ఎస్‌ఈఎల్‌యూ పేపర్‌కు అనుబంధంగా 90కి పైగా పేజీల గణిత నిరూపణలు ఉన్నాయి. అదే 2017లో ఎఫ్‌ఐడీ అనే కొలమానం కూడా ఇచ్చారు. యంత్రం గీసిన బొమ్మలు నిజమైన ఫొటోలకు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవడానికి నేటికీ దాదాపు అందరూ దాన్నే వాడుతున్నారు.

---

#13 తరంగిణి

నాకు ఒక సందేహం. మా సీనియర్లు ఎల్‌ఎస్‌టీఎమ్ పాతబడిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ నేర్చుకో చాలు అంటున్నారు. నిజమేనా?

---

#14 నిలకడ

చాలావరకు నిజమేనమ్మా. 2016 సెప్టెంబర్‌లో గూగుల్ అనువాదం కొత్త వ్యవస్థకు మారడం మొదలైంది. చదివే వైపు ఎనిమిది పొరలు, రాసే వైపు ఎనిమిది పొరలు, అన్నీ ఎల్‌ఎస్‌టీఎమ్‌లే. 2017లో తెలుగుకు కూడా ఆ మార్పు వచ్చింది. అంతకుముందు తెలుగు అనువాదం ఎలా ఉండేదో గుర్తున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. అదే 2017లో, ఇప్పటి చాట్‌బాట్‌ల వెనక ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం మీద పేపర్ వెలువడింది.

ఎల్‌ఎస్‌టీఎమ్ ఒక మాట అయ్యాకే ఇంకో మాట చదవాలి. వెయ్యి మాటలుంటే వెయ్యి అడుగులు వరుసగా నడవాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్ శిక్షణలో అన్ని మాటలనూ ఒకేసారి చూస్తుంది. వేల లెక్కలు ఒకేసారి చేయగల గ్రాఫిక్స్ చిప్పులకు అది సరిగ్గా సరిపోయింది. ఇంటర్నెట్ అంత పెద్ద సమాచారం మీద శిక్షణ ఇవ్వాలంటే ఆ వేగం తప్పనిసరి. ఓటమిని ఓటమిగానే చెప్పుకుందాం. 2018, 2019ల్లో డోటా, స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలు ఆడిన ఓపెన్‌ఏఐ ఫైవ్, ఆల్ఫాస్టార్ అనే వ్యవస్థల్లో ఎల్‌ఎస్‌టీఎమ్ ఉంది. భాష విషయంలో మాత్రం ఆట ముగిసింది.

---

#15 మ్యూనిఖ్‌వాసి

ముగిసిందని అప్పుడే అనకండి.

2020లో హోక్‌రైటర్ బృందం ఒక చక్కని సంబంధం చూపించింది. 1982లో హాప్‌ఫీల్డ్ ప్రతిపాదించిన జ్ఞాపకశక్తి నెట్‌వర్క్‌ను ఆధునిక రూపంలో తీసుకుని, దాని గుర్తుచేసుకునే సూత్రం రాస్తే అది ట్రాన్స్‌ఫార్మర్‌లో మాటలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే అటెన్షన్ సూత్రమే అవుతుందని నిరూపించారు. అంటే తన పద్ధతిని పక్కకు నెట్టినదాన్ని కూడా ఆయన జ్ఞాపకం అనే కోణం నుంచే చదివారు. 1991లో ఏ ప్రశ్న పట్టుకున్నారో 2020లోనూ అదే ప్రశ్న. ఆ హాప్‌ఫీల్డ్‌కే 2024లో హింటన్‌తో కలిపి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక ఖర్చు సంగతి. అటెన్షన్‌లో ప్రతి మాటనూ ప్రతి మాటతో పోల్చాలి. 1,000 మాటలకు 10 లక్షల జతలు. 10,000 మాటలకు 10 కోట్ల జతలు. పొడవు పదిరెట్లు పెరిగితే పని వంద రెట్లు పెరుగుతుంది. ఎల్‌ఎస్‌టీఎమ్‌లో జ్ఞాపకం పరిమాణం మారదు, పొడవు పదిరెట్లయితే పని కూడా పదిరెట్లే. ఈ లాభాన్ని వదులుకోకుండా పాత లోపాలు సరిదిద్దితే ఎలా ఉంటుంది? 2024 మేలో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌టీఎమ్ పేపర్ ఆ ప్రశ్నకు జవాబు. రెండు మార్పులు ముఖ్యం. గేట్లు ఘాతాంక రూపంలో ఉంటాయి, కాబట్టి కొత్తగా వచ్చిన ముఖ్యమైన విషయం పాతదాన్ని గట్టిగా తోసేయగలదు. ఒక్క అంకెకు బదులు మాత్రిక (అంకెల పట్టిక) రూపంలో జ్ఞాపకం ఉంటుంది, అందువల్ల చాలా ఎక్కువ పడుతుంది. పైగా ఆ మాత్రిక రకాన్ని శిక్షణలో ఒకేసారి సమాంతరంగా లెక్కించవచ్చు. నిలకడ గారు చెప్పిన పెద్ద లోపం అక్కడ తీరింది. తర్వాత 700 కోట్ల పరామితుల (శిక్షణలో సర్దుకునే అంకెల) నమూనా కూడా విడుదల చేశారు. లింట్స్‌లో ఎన్‌ఎక్స్‌ఏఐ అనే సంస్థ ద్వారా ఇది ముందుకు వెళుతోంది.

---

#16 నిలకడ

ఎక్స్‌ఎల్‌ఎస్‌టీఎమ్ పేపర్ నేనూ చదివాను. మాత్రిక జ్ఞాపకం ఆలోచన బాగుంది. అయినా పరిమాణం మారని జ్ఞాపకంలో ఎంత పట్టించినా, యాభై పేజీల వెనక ఉన్న ఒక ఫోన్ నంబరును యథాతథంగా తీసివ్వమంటే అటెన్షన్‌దే పైచేయి. అది సూత్రప్రాయమైన తేడా. రెండూ కలిపి వాడే నిర్మాణాలే నిలుస్తాయని నా అంచనా.

---

#17 మ్యూనిఖ్‌వాసి

ఆ తేడా ఉంది, కాదనను. కానీ ప్రతి పనికీ యాభై పేజీల వెనక నంబరు అక్కర్లేదు. రోబోలకు, చిన్న పరికరాలకు, సెన్సర్ల నుంచి ఆగకుండా వచ్చే సమాచారానికి తక్కువ జ్ఞాపకంతో, తక్కువ కరెంటుతో నడిచేదే కావాలి. ఆ రంగాల్లో చూద్దాం.

---

#18 తరంగిణి

నా చివరి సంవత్సరం ప్రాజెక్టు దీని మీదే చేయాలనుకుంటున్నాను. జర్మన్ రాదు కాబట్టి థీసిస్ చదవలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

#19 లెక్కలమాస్టారు

2001 నాటి నలుగురి అధ్యాయం ఇంగ్లిష్‌లో ఉంది. ముందు అది, ఆ తర్వాత 1997 పేపర్. రెడీమేడ్ లైబ్రరీ పక్కన పెట్టి నువ్వే రాసుకో. 1997 పేపర్‌లో కూడిక లెక్క ఒకటి ఉంది, దానితో మొదలుపెట్టు. పొడుగాటి వరుసలో ప్రతి చోటా ఒక అంకె, పక్కన ఒక గుర్తు. రెండే రెండు అంకెల పక్కన ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. వరుస అంతా చదివాక ఆ రెండింటి మొత్తం చెప్పాలి. వరుస పొడవు 10, 50, 100, 500 చేస్తూ మామూలు రికరెంట్ నెట్‌వర్క్‌నూ ఎల్‌ఎస్‌టీఎమ్‌నూ పక్కపక్కన నడుపు. ప్రతి అడుగులోనూ వెనక్కి వస్తున్న సంకేతం పరిమాణాన్ని అచ్చువేసి చూడు. ఎక్కడ ఆరిపోతోందో నీ కళ్లతో చూస్తావు.

ఆ తర్వాత తెలుగు వాక్యాలతో అదే ప్రయోగం చెయ్యి. 'అమ్మ', 'నాన్న'తో మొదలయ్యే వాక్యాలు, నడుమ అసమాపక క్రియలు పెంచుకుంటూ పోవడం, చివర క్రియ సరిగ్గా వచ్చిందా లేదా. మంచి ప్రాజెక్టు అవుతుంది.

---

#20 తరంగిణి

మాస్టారూ, కూడిక లెక్క నడిపి చూశాను. మామూలు నెట్‌వర్క్ 50 దగ్గరే చేతులెత్తేసింది, సంకేతం అచ్చువేస్తే మొదటి అడుగుల దగ్గర అన్నీ సున్నాలే. కానీ నేను రాసిన ఎల్‌ఎస్‌టీఎమ్ కూడా 500 దగ్గర నేర్చుకోవడం లేదు. ఎక్కడ చూడాలి?

---

#21 లెక్కలమాస్టారు

ఫర్గెట్ గేట్ బయాస్ (ఆ గేటు మొదట ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే అంకె) ఎంత పెట్టావమ్మా? సున్నా అయితే మొదట్లో ఆ గేటు సగమే తెరుచుకుంటుంది, ప్రతి అడుగుకూ జ్ఞాపకం సగానికి సగం పోతుంది. అంటే మళ్లీ అదే గుణింపు, ఈసారి 0.5తో. బయాస్ 1 పెట్టి మొదలుపెట్టు. 500కు అది చాలకపోతే 3, 5 కూడా చూడు. ఒక్కో విలువకు వచ్చిన గ్రాఫు ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.